చక్రం ఊళ పెడుతుంటే

కారు 60 దాటగానే కింది నుంచి ఊఁఁ అని ఒకే శ్రుతిలో శబ్దం వస్తుంది. స్పీడు పెరిగితే అదీ పెరుగుతుంది. చాలామంది చేసేది ఒకటే, పాటల వాల్యూమ్ పెంచడం. మా బైరెడ్డిపల్లె వైపు ఈ ఊళ మరీ మామూలు. టమాటా సీజన్ వస్తే వెనక సీటు మడిచి, పట్టినన్ని క్రేట్లు ఎక్కించి మదనపల్లె మార్కెట్టుకో, బార్డర్ దాటి కోలారుకో పోతుంటారు. కారు మోస్తుంది. లోపల మోసేది మాత్రం ఆ చిన్న గోళీలు, వాటి పేరే వీల్ బేరింగ్.

ఎద్దులబండికి ఇరుసు, కందెన ఉండేవి కదా. అక్కడ చక్రం ఇరుసు మీద రాసుకుంటూ తిరుగుతుంది, అందుకే అన్నిసార్లు కందెన పూయాలి. రాసుకోవడం బదులు దొర్లితే పోలా అన్న ఆలోచనే బేరింగ్. బండి ఇరుసులో గోళీలు పెట్టడానికి వేల్స్‌కు చెందిన ఫిలిప్ వాన్ 1794లో పేటెంట్ తీసుకున్నాడు. 1898లో అమెరికాలో గుర్రపుబండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ కోసుగా ఉండే రోలర్లకు పేటెంట్ తీసుకున్నాడు. అంటే కార్ల కంటే ముందు ఇది బండ్లవాళ్ల సమస్యే!

బేరింగ్ ఆయుష్షుకు ఒక ఫార్ములా ఉంది. మెకానికల్ ఫ్రెండ్స్‌కు తెలిసే ఉంటుంది. బాల్ బేరింగ్ మీద బరువు రెండింతలైతే ఆయుష్షు సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. బరువు నాలుగో వంతు పెరిగితే చాలు, ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. క్యూబ్ కాబట్టి. ఆ లెక్క చూశాక క్రేట్లు ఎక్కించేటప్పుడు "ఇంకొక్కటి పట్టిద్దిలే రా" అన్న మాట వింటే నాకు ఒళ్లు జలదరిస్తుంది. దీనికి తోడు గుంతలు, వానాకాలంలో వంక దాటడం. వేడెక్కిన బేరింగ్ నీళ్లలో పడితే చల్లబడుతూ సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. గ్రీజు పోయి తుప్పు మిగులుతుంది.

ముందు ఇది నిజంగా బేరింగేనా అని తేల్చుకోవాలి. ఇది అచ్చం డీబగ్గింగే, ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ఖాళీ రోడ్డు మీద అదే స్పీడులో న్యూట్రల్‌కు తెచ్చి చూడండి. ఇంజన్ శబ్దం పడిపోయినా ఊళ ఆగకపోతే అది చక్రాల వైపుదే. అరిగిన టైరు కూడా ఇలాగే ఊళ పెడుతుంది. ముందు టైర్లు వెనక్కి మార్చండి, శబ్దం కూడా వెనక్కి పోతే తప్పు టైరుది. ఇక మలుపుల్లో వినాలి. ఎడమకు తిరిగేటప్పుడు బరువు కుడి చక్రాల మీదికి పోతుంది. కాబట్టి ఎడమ మలుపులో ఊళ పెరిగితే కుడివైపు బేరింగ్‌ను అనుమానించాలి. పలమనేరు నుంచి చిత్తూరు పోయేటప్పుడు మొగిలి ఘాట్ దిగితే ఈ టెస్ట్ దానంతటదే అయిపోతుంది.

తర్వాత జాకీ. మట్టి నేల మీద జాకీ నేరుగా పెట్టొద్దు, కింద మందపాటి చెక్క పలక వేయండి. కారు లేపాక స్టాండ్ పెట్టందే చేయి లోపల పెట్టకూడదు. ఇటుకలు స్టాండ్ కావు, సిమెంట్ ఇటుక చెప్పకుండా పగులుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడలాడితే ఒకరిని బ్రేక్ తొక్కమనండి. అప్పుడు ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. స్ప్రింగ్ మీద చేయి పెట్టి చక్రం తిప్పినా తెలుస్తుంది, పోయిన బేరింగ్ అయితే ఇసుక నలిగినట్టు చేతికి తగులుతుంది.

ఇప్పుడు ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు? అది కారు బట్టి ఉంటుంది. కొన్ని కార్లలో హబ్బు, బేరింగ్ కలిపి ఒకే యూనిట్‌గా వస్తాయి. మూడు నాలుగు బోల్టులు విప్పి పాతది తీసి కొత్తది బిగించడమే. చాలా చిన్న కార్లలో మాత్రం ముందు చక్రం బేరింగ్‌ను నకిల్ అనే ఇనుప ముద్దలోకి ప్రెస్సుతో గట్టిగా దించి ఉంటారు. అక్కడ సుత్తి పనికిరాదు. పలమనేరులో ప్రెస్ ఉన్న ఒక లేత్ షాపు అన్న మా నాయనతో చెప్పిన మాట నాకు బాగా నచ్చింది: "నకిల్ ఊడదీసుకొని రాండి సార్, ఆ ఒక్క పని నాకు వదిలేయండి."

ఊడదీయడం ఇలా. చక్రం నేల మీద ఉండగానే యాక్సిల్ నట్టు వదులు చేయాలి. నట్టు అంచు గాడిలోకి నొక్కి ఉంటే ముందు దాన్ని లేపాలి. తర్వాత కారు లేపి చక్రం తీసి, కాలిపర్ విప్పి తీగతో స్ప్రింగ్‌కు కట్టండి. బ్రేకు ట్యూబు మీద వేలాడనివ్వొద్దు. డిస్కు, ఏబీఎస్ ఉంటే దాని సెన్సర్, టై రాడ్ ఎండ్, కింది బాల్ జాయింట్ వరసగా వస్తాయి. షాక్ అబ్జార్బర్ బోల్టులు తీసేముందు అవి ఎక్కడున్నాయో పెయింటుతో గీత పెట్టుకోండి. కొన్ని కార్లలో చక్రం వాలు వాటి మీదే ఆధారపడుతుంది.

షాపులో జరిగేదాన్ని దగ్గరుండి చూడాలి. నా లెక్కలో ఈ మొత్తం పనిలో ముఖ్యమైన సంగతి ఒక్కటే: నొక్కే బలం గోళీల గుండా పోకూడదు. కొత్త బేరింగ్‌ను నకిల్‌లోకి దించేటప్పుడు బయటి రింగును మాత్రమే నొక్కాలి. తర్వాత హబ్బును బేరింగ్‌లోకి దించేటప్పుడు కింద లోపలి రింగుకు పైపు ముక్క ఆనించాలి. ఇది తప్పితే టన్నుల బలం గోళీల మీద పడి రింగుల్లో సొట్టలు పడతాయి. పైకి ఏమీ కనబడదు. కొన్నాళ్లకే మళ్లీ ఊళ మొదలవుతుంది, అప్పుడు అందరూ "డూప్లికేట్ మాల్" అంటారు.

పాత హబ్బు తీసినప్పుడు బేరింగ్ లోపలి రింగు సగం దానికే అంటుకుని వస్తుంది. గ్రైండర్‌తో కోసి తీస్తారు. అది తీశాక హబ్బు మీద వేలు పెట్టి చూడండి. గాడి పడినా, వేడికి నీలం రంగు తిరిగినా హబ్బు కూడా మార్చాల్సిందే. అరిగిన హబ్బు మీద కొత్త రింగు నిలవదు. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కు ఒకవైపు సీలులోనే అయస్కాంతం ఉంటుంది. ఆ వైపు సెన్సర్ దిక్కుకు రావాలి. తిరగేసి కొడితే డాష్‌బోర్డులో లైటు వెలుగుతుంది, బేరింగ్ మళ్లీ పీకాలి. పీకితే అది పనికిరాదు. ఏ వైపో కంటికి తెలియదు, చిన్న పేపర్ క్లిప్ మెల్లగా ఆనించి చూస్తే తెలుస్తుంది. స్పీకర్ అయస్కాంతాల పక్కన మాత్రం ఉంచకండి.

బిగించేటప్పుడు వరస తిరగబడుతుంది. విప్పేటప్పుడు చక్రం నేల మీద ఉన్నా పరవాలేదు, ఆ బేరింగ్ ఎలాగూ పోయేదే. కొత్తది అయితే కారు బరువు దాని మీద పడకముందే, ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోగా, యాక్సిల్ నట్టు బిగించాలి. ఎందుకంటే బేరింగ్ లోపలి రింగులు రెండు ముక్కలుగా ఉంటాయి, వాటిని దగ్గరికి నొక్కి పట్టేది ఆ నట్టే. ఎంత బిగించాలన్నది మీ కారు మాన్యువల్ చెప్పాలి, అందాజుగా కుదరదు. 200 న్యూటన్ మీటర్లు అంటే మీటరు పొడుగు పైపు చివర 20 కిలోల బియ్యం మూట వేలాడదీసినంత. గన్ను పెట్టి టకటకా కొట్టకుండా టార్క్ రెంచ్ వాడండి. నట్టు కొత్తదే వేయండి.

చక్రం వేశాక చేత్తో తిప్పి చూడండి. చప్పుడు లేకుండా, బ్రేకు ప్యాడ్ల రాపిడి తప్ప ఇంకేం తగలకుండా తిరగాలి. కొద్ది దూరం నడిపి వచ్చి హబ్బు దగ్గర చేయి పెట్టి, రెండోవైపు చక్రంతో పోల్చండి. ఒకటే మరీ వేడిగా ఉంటే ఆ రోజు బండి బయటికి తీయొద్దు. అన్నీ బాగుంటే వీల్ అలైన్‌మెంట్‌కు తీసుకెళ్లి, వంద కిలోమీటర్లు తిరిగాక చక్రం నట్లు ఇంకోసారి చూసుకోండి.