గిఫ్టు కార్డుతో కొనుగోలు – పరాయి పేరుతో పాలు



ఇటీవల ఒక పాల సంఘానికి లెక్కల తనిఖీ నిమిత్తం వెళ్లాను. సాయంత్రం పాలు పోసి వచ్చిన ఒక సభ్యుడు నా పక్కన కూర్చుని ఇలా అడిగాడు: "ఇన్‌స్పెక్టరు గారూ, మా అబ్బాయి అమెరికాలో కాస్ట్‌కో అనే కొట్లో మెంబరు. కొత్తగా వచ్చిన స్నేహితుడికి ఆ కొట్టు గిఫ్టు కార్డు కొనిచ్చాడట. మెంబరు కాకపోయినా అతను వెళ్లి సరుకులు తెచ్చుకున్నాడట. అక్కడ తప్పు కానిది ఇక్కడెందుకు తప్పు? ఒకరి పేరు మీద ఇంకొకరు పాలు పోస్తే మీరు ఎర్ర సిరాతో రాస్తారేం?"

ప్రశ్న మంచిదే. మన పిల్లలు చాలామంది ఆ దేశంలో ఉన్నారు కనుక జవాబు అందరికీ ఉపయోగిస్తుందని ఇక్కడ వివరిస్తున్నాను.

ఆ కొట్టు ఎలాంటిది?

కాస్ట్‌కో మొదటి దుకాణం 1983లో సియాటిల్ నగరంలో తెరిచారు. పెద్ద గోదాములోనే సరుకు పేర్చి అమ్ముతారు. సుమారు 4,000 రకాలకు మించి ఉంచరు. అన్నీ పెద్ద ప్యాకెట్లే. పాలు కూడా గ్యాలన్ డబ్బాలు రెండేసి కలిపి అమ్ముతారు. గ్యాలన్ అంటే సుమారు 3.8 లీటర్లు. సరుకు మీద లాభం తక్కువ వేసుకుని, సభ్యత్వ రుసుము మీద ఆధారపడతారు. 2024 ఆర్థిక సంవత్సరంలో ఆ రుసుము ద్వారానే సుమారు 480 కోట్ల డాలర్లు వచ్చాయి.

2024 సెప్టెంబరు నుండి అమెరికాలో మామూలు సభ్యత్వం ఏడాదికి 65 డాలర్లు, పై తరగతి సభ్యత్వం 130 డాలర్లు. పై తరగతి వారికి కొనుగోళ్లపై 2 శాతం ఏడాది చివర తిరిగి ఇస్తారు.

గిఫ్టు కార్డు సంగతి

ఈ కార్డును సభ్యుడే కొనాలి, మళ్లీ డబ్బు వేయాలన్నా సభ్యుడే వేయాలి. అయితే దానిని సభ్యుడు కానివారు కూడా దుకాణానికి తీసుకువెళ్లి వాడవచ్చును. ఇది దొంగదారి కాదు, కంపెనీ ఇచ్చిన వెసులుబాటే. చుట్టపుచూపుగా వెళ్లిన తల్లిదండ్రులకు ఆ కార్డు కూడా అక్కరలేదు. సభ్యుడు తన వెంట ఇద్దరు అతిథులను తీసుకువెళ్లవచ్చును.

ఎవరికి ఏది లాభమో లెక్క వేసుకోవచ్చు. బయటి ధర కంటే నూటికి 10 డాలర్లు కలిసివస్తాయనుకుంటే, ఏడాదికి 650 డాలర్ల సరుకు కొన్నప్పుడే 65 డాలర్ల రుసుము తిరిగి వచ్చినట్లు. అంతకు తక్కువ కొనేవారికి కార్డు చాలు. పై తరగతికి అదనంగా కట్టే 65 డాలర్లు 2 శాతం లెక్కన రాబట్టాలంటే 3,250 డాలర్ల సరుకు కొనాలి.

తేడా ఎక్కడ ఉంది?

గిఫ్టు కార్డు అంటే ముందుగా కట్టిన డబ్బు. సరుకు చేతికి రాగానే బేరం ముగిసింది. కాని అక్కడ కూడా ఒకరి సభ్యత్వ కార్డు ఇంకొకరు వాడరాదు. 2024 నుండి గుమ్మం దగ్గరే కార్డును యంత్రంలో పెట్టి ఫొటో సరిచూస్తున్నారు. పరాయి పేరుతో పాలు పోయడం గిఫ్టు కార్డు వంటిది కాదు, సభ్యత్వ కార్డు అరువిచ్చినట్టిది.

మరొక ముఖ్య విషయం. కాస్ట్‌కో వాటాదారుల కంపెనీ. అక్కడ సభ్యుడు కొనేది కొట్టులోకి వెళ్లే హక్కు మాత్రమే. రుసుము కట్టినందువల్ల వాటా రాదు, ఓటు రాదు. మన సంఘంలో సభ్యునికి వాటా ఉంది, మహాజన సభలో ఒక ఓటు ఉంది, పోసిన పాలను బట్టి బోనస్ ఉంది. కావున పాలు కొలిచి వెన్న శాతం చూడడంతో మన బేరం ముగియదు. మిగిలినదంతా రిజిస్టరులోని పేరును బట్టే నడుస్తుంది.

ఒక సంఘంలో భర్త పోయిన ఒక సోదరి ఆరేళ్లు బావగారి పేరు మీద పాలు పోసింది. పాల డబ్బు ఆయన పైసాతో సహా ఆమె చేతిలో పెట్టేవాడు, మోసమేమీ లేదు. ఆయన కాలం చేశాక ఆ ఏటి బోనస్, వాటా ధనం ఆయన కుమారునికి చేరాయి. ఆమె వచ్చి నన్ను అడిగింది. రిజిస్టరంతా తిరగేసినా ఆమె పేరు ఒక్కచోట లేదు. నేను చేయగలిగిందేమీ లేకపోయింది. అంతకు ముందు రెండు తనిఖీలలో ఈ సంగతి నాకు తెలిసి కూడా, ఇంటి వ్యవహారం కదా అని రాయకుండా వదిలేశాను. అప్పటి నుండి ఎర్ర సిరాతో రాయడం మానలేదు.

కావున సభ్యులు గమనించవలసినవి:

1. గేదెను ఎవరు మేపి పాలు పితుకుతున్నారో వారి పేరునే సభ్యత్వం తీసుకోవలెను. ఇంటి ఆడవారే ఆ పని చేస్తుంటే వారి పేరునే చేర్పించండి.

2. ప్రవేశ రుసుము, వాటా ధనం కట్టి రసీదు భద్రపరచుకోవలెను.

3. పూటపూటా చీటీలో మీ సభ్యత్వ నంబరే ఉన్నదా అని చూసుకోవలెను.

4. దరఖాస్తు ఇచ్చినప్పుడు అందినట్లు కార్యదర్శి సంతకం తీసుకోవలెను. పాలకవర్గ సమావేశంలో ఏమి తీర్మానించారో అడగండి. అడగడం మీ హక్కు.