నెట్‌వర్క్, సిస్టమ్స్ ఇంజనీర్ల ధ్రువపత్రాలు: ఏవి చెల్లుతాయి? ఎంతకాలం చెల్లుతాయి?

(ప్రత్యేక వ్యాసం)

మీసేవ కేంద్రంలో ఆదాయ ధ్రువపత్రం పౌరుని చేతికి అందాలన్నా, రిజిస్ట్రేషన్ కార్యాలయంలో దస్తావేజు నమోదు కావాలన్నా తెర వెనుక సర్వర్లు, రూటర్లు, స్విచ్‌లు నిరంతరాయంగా పనిచేయవలసి ఉంటుంది. ఈ వ్యవస్థను నెలకొల్పి కాపాడే బాధ్యత నెట్‌వర్క్, సిస్టమ్స్ ఇంజనీర్లది. వైద్యులకు, న్యాయవాదులకు ఉన్నట్లు ఈ వృత్తికి మన దేశంలో చట్టబద్ధమైన లైసెన్సు విధానం లేదు. అందువల్ల అభ్యర్థి నైపుణ్యాన్ని అంచనా వేయడానికి, పరికరాలను, సాఫ్ట్‌వేర్‌ను రూపొందించే సంస్థలు పరీక్ష నిర్వహించి జారీ చేసే ధ్రువపత్రాలే చాలా సందర్భాలలో ఆధారమవుతున్నాయి.

అయితే ఈ పత్రాలలో అధిక భాగానికి కాలపరిమితి ఉంది. ఒకప్పుడు ప్రసిద్ధి పొందిన కొన్నింటి జారీ పూర్తిగా నిలిచిపోయింది. ఈ సంగతి గమనించకుండా నియామక ప్రకటనలు, టెండరు నిబంధనలు రూపొందిస్తే అర్హులైన యువత దూరమవుతారు. గమనించకుండా శిక్షణకు చేరితే తల్లిదండ్రుల కష్టార్జితం వృథా అవుతుంది.

నెట్‌వర్క్ రంగంలో మూడు మెట్లు

నెట్‌వర్క్ రంగంలో విస్తృతంగా గుర్తింపు పొందినవి సిస్కో సంస్థ ధ్రువపత్రాలు. ఆ సంస్థ ముందుగా 1993లో నిపుణుల స్థాయి సీసీఐఈని, అనంతరం 1998లో దానికి దిగువ మెట్లుగా సీసీఎన్‌ఏ, సీసీఎన్‌పీలను ప్రవేశపెట్టింది. 2020 ఫిబ్రవరి 24 నుంచి ఈ విధానం సమూలంగా మారింది. అంతకుముందు పలు శాఖలుగా ఉన్న సీసీఎన్‌ఏ ఒకే పరీక్షగా రూపొందింది. ఐపీ చిరునామాల విభజన, రూటింగ్, స్విచ్చింగ్, వైర్‌లెస్, భద్రత, ఆటోమేషన్‌లకు సంబంధించిన ప్రాథమికాంశాలు ఇందులో ఉంటాయి.

సీసీఎన్‌పీకి ఒక ప్రధాన పరీక్షతో పాటు అభ్యర్థి ఎంచుకున్న ప్రత్యేకాంశంలో మరొక పరీక్ష ఉత్తీర్ణులు కావాలి. దీనికి సీసీఎన్‌ఏ తప్పనిసరి కాదు. సీసీఐఈ పొందగోరే వారు ప్రధాన పరీక్ష అనంతరం 8 గంటల ప్రయోగశాల పరీక్షను ఎదుర్కొనవలసి ఉంటుంది. ఈ మూడింటికీ కాలపరిమితి 3 సంవత్సరాలు. గడువు లోపల మరల పరీక్ష రాసి గాని, నిరంతర విద్య ద్వారా నిర్ణీత క్రెడిట్లు సంపాదించి గాని వీటిని పునరుద్ధరించుకోవచ్చు.

సిస్టమ్స్ రంగంలో మార్పులు

సర్వర్ల నిర్వహణ రంగంలో మైక్రోసాఫ్ట్ వారి ఎంసీఎస్‌ఈ ఒకప్పుడు ఉద్యోగార్థుల నోట నానిన పేరు. ఆ పత్రంతో పాటు ఎంసీఎస్‌ఏ, ఎంసీఎస్‌డీల జారీని కూడా ఆ సంస్థ 2021 జనవరి 31తో నిలిపివేసింది. అంతకుముందు పొందినవారి రికార్డులో అవి నిలిచి ఉన్నా, కొత్తగా వాటిని సంపాదించే మార్గం ఎవరికీ లేదు. వాటి స్థానంలో ఉద్యోగి నిర్వహించే విధులను బట్టి ఫండమెంటల్స్, అసోసియేట్, ఎక్స్‌పర్ట్ అనే మూడు స్థాయిల పత్రాలు వచ్చాయి. అసోసియేట్, ఎక్స్‌పర్ట్ పత్రాలకు కాలపరిమితి ఒక్క సంవత్సరమే. గడువు ముగిసేలోగా ఆన్‌లైన్‌లో ఉచిత పరీక్ష ద్వారా పునరుద్ధరించుకునే సదుపాయం ఉంది.

లినక్స్ సర్వర్లకు సంబంధించి రెడ్ హ్యాట్ సంస్థ నిర్వహించే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ తొలి మెట్టు, ఆర్‌హెచ్‌సీఈ ఆపై మెట్టు. ఈ పరీక్షలలో నాలుగు సమాధానాలలో ఒకటి గుర్తించే పద్ధతి లేదు. అభ్యర్థి కంప్యూటర్ ముందు కూర్చుని, అప్పగించిన పనిని స్వయంగా చేసి చూపాలి. యంత్రాన్ని ఆపి తిరిగి ప్రారంభించిన తరువాత కూడా అతడు చేసిన అమరికలు చెక్కుచెదరకుండా పనిచేయాలి. కేవలం కంఠస్థం చేసిన వారికి ఇక్కడ దారి దొరకదు.

ఏ ఒక్క సంస్థ పరికరాలకూ పరిమితం కాని పత్రాలను కాంప్‌టియా జారీ చేస్తోంది. ఏ ప్లస్, నెట్‌వర్క్ ప్లస్, సెక్యూరిటీ ప్లస్ వీటిలో ముఖ్యమైనవి. 2011కు పూర్వం పొందిన ఈ పత్రాలకు జీవితకాల చెల్లుబాటు ఉండగా, ఆ సంవత్సరం నుంచి 3 సంవత్సరాల పరిమితి అమలులోకి వచ్చింది. ఇక ప్రభుత్వ రంగంలో, పూర్వం డోయెక్‌గా పేరొందిన కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ ‘ఓ’, ‘ఏ’, ‘బి’, ‘సి’ స్థాయిల కోర్సులను నిర్వహిస్తోంది.

శిక్షణ వేరు, పరీక్ష వేరు

హైదరాబాద్‌లోని అమీర్‌పేట, మైత్రీవనం పరిసరాలు ఏళ్ల తరబడి కంప్యూటర్ శిక్షణకు నెలవుగా ఉన్నాయి. జిల్లాల నుంచి వచ్చి, హాస్టళ్లలో ఉంటూ అక్కడ విద్య నేర్చి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. అయితే శిక్షణ పూర్తయినట్లు కోచింగ్ కేంద్రం ఇచ్చే పత్రం, తయారీ సంస్థ ఇచ్చే ధ్రువపత్రం ఒకటి కావు. రెండవది కావాలంటే శిక్షణ రుసుముతో నిమిత్తం లేకుండా పరీక్ష రుసుము చెల్లించి, గుర్తింపు పొందిన పరీక్షా కేంద్రంలో గాని, అనుమతి ఉన్నచోట పర్యవేక్షణతో కూడిన ఆన్‌లైన్ విధానంలో గాని ఉత్తీర్ణులు కావాలి. కోర్సులో చేరకముందే ఈ రెండు రుసుములను విడివిడిగా అడిగి తెలుసుకోవడం మంచిది.

‘డంప్స్’ పేరిట అసలు పరీక్ష ప్రశ్నలను సేకరించి అమ్మేవారి మాటలు నమ్మడం ప్రమాదకరం. ప్రశ్నలను బయటపెట్టబోమని ప్రతి అభ్యర్థి పరీక్షకు ముందు అంగీకారం తెలుపుతాడు. ఉల్లంఘన రుజువైతే పత్రం రద్దు కావచ్చు, మళ్లీ పరీక్ష రాసే అవకాశమూ కోల్పోవచ్చు.

అధికారులు గమనించదగిన అంశాలు

నియామక ప్రకటన లేదా టెండరు పత్రం సిద్ధం చేసేటప్పుడు, పేర్కొన్న ధ్రువపత్రం నేటికీ జారీలో ఉన్నదీ లేనిదీ ముందుగా సరిచూసుకోవాలి. పాత నమూనాలో ఉన్న ఎంసీఎస్‌ఈ నిబంధనను అలాగే కొనసాగిస్తే ఇటీవలి పట్టభద్రులెవరూ ఆ అర్హతను అందుకోలేరు. రెండవది, పత్రం ఎప్పుడు పొందారన్న దానితో పాటు గడువు ఎప్పుడు ముగుస్తుందన్నదీ చూడాలి. మూడవది, జిరాక్సు ప్రతితో సరిపెట్టుకోకుండా పత్రంపై ఉన్న సంఖ్య లేదా అభ్యర్థి ఇచ్చిన ధ్రువీకరణ లింకు ఆధారంగా జారీ చేసిన సంస్థ వెబ్‌సైట్‌లో నిర్ధారించుకోవాలి. ఇందుకు పట్టేది కొద్ది నిమిషాలే.

ధ్రువపత్రం డిగ్రీకి ప్రత్యామ్నాయం కాదు, అనుభవానికి అంతకంటే కాదు. నిర్ణీత తేదీ నాటికి నిర్ణీత పరిజ్ఞానం అభ్యర్థికి ఉన్నదని చెప్పే సాక్ష్యం మాత్రమే. ఆ సాక్ష్యానికి ఉన్న విలువను, పరిమితిని రెండింటినీ గుర్తించి వ్యవహరించినప్పుడే అర్హులకు ఉద్యోగం, ప్రజలకు అంతరాయం లేని సేవ లభిస్తాయి.