భాగం 7 : ఇల్లు, బస్సు, కరెంటు – స్థానిక విధాన దృక్పథాలు

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 పంచాయతీకి రాజ్యాంగం ఇచ్చిన స్థానం
7.3 మిశ్రమ వినియోగ గృహం
7.4 ప్రజా రవాణా
7.5 స్వచ్ఛ ఇంధనం
7.6 హామీని పరీక్షించే మూడు ప్రశ్నలు
7.7 సారాంశం
7.8 కీలక పదాలు
7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• గృహ నిర్మాణం, ప్రజా రవాణా, స్వచ్ఛ ఇంధనం విషయాలలో ఏ నిర్ణయం ఏ సంస్థ చేతిలో ఉందో వివరించగలుగుతారు.
• ఈ మూడూ ఒకదానిపై ఒకటి ఎట్లా ఆధారపడి ఉన్నాయో బోథ్ ఉదాహరణతో చెప్పగలుగుతారు.
• స్థానిక నాయకులు ఇచ్చే హామీలను విశ్లేషించగలుగుతారు.

7.1 పరిచయం

తెలంగాణలో గ్రామ పంచాయతీల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా పంచాయతీలను ప్రత్యేక అధికారులు నడిపారు. పంచాయతీ ఎన్నికలు ఎప్పుడు జరిగినా మూడు హామీలు దాదాపు ప్రతి ఊరిలోనూ వినిపిస్తాయి: ఇల్లు లేనివారికి ఇల్లు, ఊరికి బస్సు, కరెంటు బిల్లు భారం తగ్గించడం. వీటిలో సర్పంచ్ తానే చేయగలిగినది ఎంత? పైవారిని అడిగి సాధించవలసినది ఎంత? ఈ తేడా తెలియకపోతే ఓటరు చేయలేనివాడిని తిడతాడు, చేయవలసినవాడిని వదిలేస్తాడు.

ఈ విషయాన్ని మనం బోథ్ ఉదాహరణగా పరిశీలిద్దాం. బోథ్ ఆదిలాబాద్ జిల్లాలో ఒక మండల కేంద్రం. పూర్వం తాలూకా కేంద్రం. బజారు, కార్యాలయాలు ఉండి చిన్న పట్టణంలా కనిపించినా, పాలన దృష్టిలో ఇది గ్రామ పంచాయతీయే. ఆదిలాబాద్ జిల్లాలో పురపాలక సంఘం ఆదిలాబాద్ ఒక్కటే. 44వ జాతీయ రహదారి నేరడిగొండ, ఇచ్చోడ, గుడిహత్నూర్ మీదుగా సాగుతుంది. బోథ్ ఆ రహదారికి పడమరగా, లోపలికి ఉంటుంది. రైలు లేదు. బోథ్ శాసనసభ నియోజకవర్గం షెడ్యూల్డు తెగలకు కేటాయించినది. గోండు, కొలాం గూడేలు, లంబాడా తండాలు దాని పరిధిలో ఉన్నాయి. ఇటువంటి చోట ఇల్లు ఎక్కడ ఉందనేదాన్ని బట్టి బస్సు ఎంత అవసరమో తేలుతుంది. ఇంట్లో ఏం పని జరుగుతుందనేదాన్ని బట్టి కరెంటు ఖర్చు తేలుతుంది. అందుకే మూడింటినీ ఒకే పాఠంలో చదువుతున్నాం.

7.2 పంచాయతీకి రాజ్యాంగం ఇచ్చిన స్థానం

73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. దాని ద్వారా చేరిన 11వ షెడ్యూలులో 29 అంశాలున్నాయి. మన పాఠానికి సంబంధించినవి నాలుగు: గ్రామీణ గృహ నిర్మాణం (10వ అంశం), రోడ్లు, వంతెనలు తదితర రాకపోకల సాధనాలు (13), గ్రామీణ విద్యుదీకరణ (14), సంప్రదాయేతర ఇంధన వనరులు (15).

ఈ జాబితాను చదివేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి.

మొదటిది, జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన అధికారం వచ్చినట్టు కాదు. 243-జి అధికరణం ప్రకారం ఈ అధికారాలను ఎంతవరకు ఇవ్వాలో రాష్ట్ర శాసనసభ నిర్ణయిస్తుంది. మన రాష్ట్రంలో ఇందుకు ఆధారం తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం, 2018.

రెండవది, డబ్బు. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యాలకే ఖర్చు చేయాలి. మిగిలిన 40 శాతంలోనే తక్కిన స్థానిక అవసరాలన్నీ చూసుకోవాలి. జీతాలకు దీన్ని వాడకూడదు.

మూడవది, గ్రామసభ. అటవీ హక్కుల చట్టం, 2006లోని సెక్షన్ 3(2) కింద 13 రకాల ప్రజా సౌకర్యాలకు, ఒక్కో సౌకర్యానికి ఒక హెక్టారు లోపు అటవీ భూమిని మళ్లించవచ్చు. హెక్టారుకు 75 చెట్లకు మించి నరకకూడదు. గ్రామసభ సిఫారసు తప్పనిసరి. ఆ 13 సౌకర్యాలలో రోడ్లు, విద్యుత్ లైన్లు, సంప్రదాయేతర ఇంధన వనరులు కూడా ఉన్నాయి. అడవి అంచున ఉన్న గూడేనికి రోడ్డు ఆగిపోయినప్పుడు, "అటవీశాఖ ఒప్పుకోవడం లేదు" అనే మాటతో చర్చ ముగిసిపోతుంటుంది. ఆ రోడ్డుకు గ్రామసభ తీర్మానం చేసిందా అని అడిగే హక్కు మీకుంది.

7.3 మిశ్రమ వినియోగ గృహం

ఒకే భవనంలో లేదా ఒకే వీధిలో నివాసం, వ్యాపారం, చేతిపని కలిసి ఉండటాన్ని మిశ్రమ వినియోగం అంటారు. అమెరికాలో 1926 నాటి యూక్లిడ్ కేసులో సుప్రీంకోర్టు, నివాస ప్రాంతాలను వ్యాపార ప్రాంతాల నుంచి వేరుచేసే నిబంధనలను సమర్థించింది. తరువాత అక్కడి పట్టణాలు ఆ దారినే పెరిగాయి. కారు లేనిదే ఉప్పు ప్యాకెట్ కూడా కొనలేని కాలనీలు వచ్చాయి. ఇప్పుడు అక్కడ మిశ్రమ వినియోగాన్ని కొత్త సంస్కరణగా చర్చిస్తున్నారు. మన బజార్లలో అది పాత అలవాటు. ముందు కిరాణా దుకాణం, వెనుక ఇల్లు. వరండాలో కుట్టుమిషను, లోపల వంటగది.

అలవాటు మనదే అయినా, మన పథకాలు మాత్రం ఇంటినీ దుకాణాన్నీ వేర్వేరుగానే చూస్తాయి. బోథ్ బజారులో ముందు గదిలో కిరాణా నడుపుకునే ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. కరెంటు లెక్కలో ఇల్లు ఒకటవ కేటగిరీ, దుకాణం రెండవ కేటగిరీ. కాబట్టి రెండు మీటర్లు ఉండాలి. గృహజ్యోతి పథకం కింద అర్హులకు వచ్చే నెలకు 200 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఇంటి మీటరుకే వర్తిస్తుంది. రోజంతా ఫ్రిజ్ నడిచే దుకాణానికి వర్తించదు.

గృహ నిర్మాణ సహాయంలోనూ ఇదే చూపు కనిపిస్తుంది. 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభమైన ఇందిరమ్మ ఇళ్ల పథకం, సొంత స్థలం ఉన్న పేదలకు నిర్మాణ దశలను బట్టి 5 లక్షల రూపాయలు ఇస్తుంది. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. వంటగది, మరుగుదొడ్డి ఉండాలి. ఇది అవసరమైన సహాయమే. అయితే పథకం మనసులో ఉన్నది నివసించే ఇల్లే కానీ సంపాదించే ఇల్లు కాదు. సొంత స్థలం లేనివారికి ఊరి బయట ప్రభుత్వ భూమిలో కాలనీ కట్టినప్పుడు ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. బజారుకు దూరమైన కుటుంబం ఇల్లు సంపాదించుకుని బేరం పోగొట్టుకుంటుంది.

భూమి విషయంలో ఈ జిల్లాకు మరొక ప్రత్యేకత ఉంది. షెడ్యూల్డు ప్రాంత గ్రామాలలో గిరిజనేతరులకు భూమి బదిలీని 1959 నాటి 1వ నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ నిషేధిస్తున్నాయి. రోడ్డు పక్క స్థలం దుకాణంగా మారితే దాని విలువ పెరుగుతుంది. ఆ విలువ ఎవరికి దక్కాలన్నదే ఈ చట్టం వెనుక ఉన్న ప్రశ్న. అందువల్ల షెడ్యూల్డు ప్రాంతంలో మిశ్రమ వినియోగాన్ని ప్రోత్సహిస్తామని చెప్పే నాయకుడు, దుకాణం యజమాని ఎవరో కూడా చెప్పాలి.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 1
అ) మీ వీధిలో నివాసం, వ్యాపారం కలిసి ఉన్న ఇళ్లు ఎన్ని? వాటిలో రెండు మీటర్లు ఉన్నవి ఎన్ని?
ఆ) 11వ షెడ్యూలులో 13వ అంశం ఏమిటి?

7.4 ప్రజా రవాణా

మన ప్రాంతంలో ప్రభుత్వ బస్సుకు సుదీర్ఘ చరిత్ర ఉంది. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులతో మొదలైంది. నేటి టీజీఎస్‌ఆర్టీసీ దాని వారసత్వమే. 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద రాష్ట్ర పరిధిలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలు, బాలికలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా ప్రయాణిస్తున్నారు. కళాశాలకు, ఆసుపత్రికి, కూలికి వెళ్లే మహిళకు ఇది పెద్ద మార్పు.

ఛార్జీ ఎంత అన్నది ఒక ప్రశ్న, బస్సు ఎన్నిసార్లు వస్తుంది అన్నది మరొకటి. మహాలక్ష్మి మొదటిదానికి జవాబిచ్చింది. బస్సు రాని తండాలోని మహిళకు జీరో టికెట్ వల్ల ప్రయోజనం లేదు. ఆమె షేర్ ఆటోకు డబ్బులిచ్చి రోడ్డుదాకా రావలసిందే. అంటే ఉచిత ప్రయాణపు లాభం బస్సులు ఎక్కువగా తిరిగే ఊళ్లకు ఎక్కువగా, మారుమూల ఊళ్లకు తక్కువగా అందుతుంది.

బస్సు ట్రిప్పును నిర్ణయించేది ఆర్టీసీ డిపో. పంచాయతీకి ఆ అధికారం లేదు. అయినా పంచాయతీ చేతిలో కొన్ని పనులున్నాయి. ఊరి లోపలి రోడ్డు బస్సు తిరగగలిగేంత వెడల్పుగా ఉంచడం, దాని మీద ఆక్రమణలు రాకుండా చూడటం, బస్సు ఆగే చోట నీడ, దీపం, మంచినీళ్లు ఏర్పాటు చేయడం, ట్రిప్పు కోసం తీర్మానం చేసి పంపడం. డిపో మేనేజర్లు నిర్వహించే 'డయల్ యువర్ డీఎం'లో, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో ఈ కోరికను పెట్టవచ్చు. "బస్సు కావాలి" అనే అర్జీ కంటే "ఉదయం 8 గంటలకు ఇన్ని కుటుంబాల నుంచి ఇంతమంది విద్యార్థులు వెళ్తారు" అనే లెక్క ఉన్న అర్జీకి బలం ఎక్కువ.

2025 మార్చిలో మరో మార్గం తెరుచుకుంది. మండల మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి అద్దెకిచ్చే ఏర్పాటు మొదలైంది. ఇక్కడ మహిళలు ప్రయాణికులే కాక యజమానులు కూడా అయ్యారు.

ఇళ్లకూ బస్సులకూ ఉన్న సంబంధానికి బ్రెజిల్‌లోని కురిటిబా నగరం ప్రసిద్ధ ఉదాహరణ. ఎక్కువమంది నివసించే భవనాలు, దుకాణాలు ప్రధాన బస్సు మార్గాల వెంబడే రావాలని ఆ నగరం ప్రణాళిక వేసుకుంది. 1974లో ప్రత్యేక దారులలో ఎక్స్‌ప్రెస్ బస్సులు ప్రారంభించింది. బోథ్ కురిటిబా కాదు. కానీ సూత్రం ఇక్కడా పనిచేస్తుంది: కొత్త కాలనీని బస్సు ఇప్పటికే తిరుగుతున్న దారిలో వేస్తే కొత్త ట్రిప్పు కోసం ఏళ్ల తరబడి అడగనవసరం లేదు.

7.5 స్వచ్ఛ ఇంధనం

తెలంగాణ ప్రభుత్వం 2025 జనవరిలో స్వచ్ఛ, హరిత ఇంధన విధానాన్ని ప్రకటించింది. 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల పునరుత్పాదక విద్యుత్తును సాధించాలన్నది అందులోని లక్ష్యం. ఇంత పెద్ద సంఖ్య బోథ్‌లోని ఒక ఇంటి కప్పు మీదకు ఎట్లా దిగుతుందో చూద్దాం.

కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం నివాస గృహాలకు రాయితీ ఇస్తుంది. 1 కిలోవాట్‌కు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లు, ఆపైన 78,000. ఒక కిలోవాట్ పలకలు సగటున రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. వాడగా మిగిలినది నెట్ మీటరు ద్వారా విద్యుత్ పంపిణీ సంస్థకు వెళ్తుంది. మన జిల్లాకు ఆ సంస్థ టీజీఎన్‌పీడీసీఎల్.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. నెలకు 150 యూనిట్లు వాడే గృహజ్యోతి లబ్ధిదారుకు బిల్లు ఇప్పటికే సున్నా. ఆయన రాయితీ పోను మిగతా ఖర్చు తానే భరించి పలకలు పెట్టుకుంటే బిల్లులో తగ్గేది ఏమీ లేదు. లాభపడేది ఆ 150 యూనిట్ల సొమ్మును పంపిణీ సంస్థకు చెల్లిస్తున్న ప్రభుత్వ ఖజానా. బిల్లు నిజంగా బాధించే దుకాణం మీటరుకు సూర్యఘర్ రాయితీ లేదు. రెండు మంచి పథకాలు ఒకే ఇంట్లో కలిసినప్పుడు ఒకదాని ప్రభావాన్ని మరొకటి తగ్గిస్తున్నదన్నమాట. పేద ఇంటి కప్పు మీద సోలార్ రావాలంటే మొదటి ఖర్చును ప్రభుత్వమే పెట్టుకోవాలి, లేదా ఆదా అయిన సొమ్ములో కుటుంబానికి వాటా ఇవ్వాలి. స్వచ్ఛ ఇంధనం గురించి మాట్లాడే అభ్యర్థిని ఈ విషయం అడగండి.

వ్యవసాయంలో పరిస్థితి వేరు. 2025 మే 19న నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ మండలం మాచారంలో 'ఇందిర సౌర గిరి జల వికాసం' పథకం మొదలైంది. అటవీ హక్కుల పట్టాలున్న 2.1 లక్షల గిరిజన రైతుల 6 లక్షల ఎకరాలకు సౌర పంపుసెట్లతో నీరివ్వడం దీని లక్ష్యం. కరెంటు లైను వెళ్లని పోడు భూమికి సోలార్ తప్ప వేరే దారి కష్టం కనుక ఇక్కడ లాభం నేరుగా రైతుకే చేరుతుంది.

పంచాయతీ స్వయంగా చేయగలిగినది ఏమిటి? వీధి దీపాల బిల్లు, తాగునీటి మోటార్ల బిల్లు కట్టేది పంచాయతీయే. పగలు వెలుగుతున్న వీధి దీపాలను ఆపడం, ఎల్ఈడీ దీపాలు వాడటం, పంచాయతీ భవనం మీద పలకలు పెట్టడం దాని పరిధిలోని పనులు. ఊరిలో స్వచ్ఛ ఇంధనానికి ఇదే తొలి మెట్టు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి – 2
అ) మీ పంచాయతీ నెలకు ఎంత కరెంటు బిల్లు కడుతున్నది? కార్యదర్శిని అడిగి తెలుసుకోండి.
ఆ) గృహజ్యోతి, సూర్యఘర్ పథకాలు ఒకే ఇంట్లో కలిసినప్పుడు లాభం ఎవరికి?

7.6 హామీని పరీక్షించే మూడు ప్రశ్నలు

ఏ హామీ విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి: అధికారం ఎవరిది? డబ్బు ఎక్కడిది? పని ఏ మెట్టు దగ్గర ఆగుతుంది?

"మా తండాకు బస్సు తెస్తాను" అనే మాటను తీసుకుందాం. అధికారం డిపోది. డబ్బు ఆర్టీసీది. పని ఆగేది చాలాసార్లు రోడ్డు దగ్గర. రోడ్డు అటవీ భూమిలో ఉంటే గ్రామసభ తీర్మానం దగ్గర. కనుక నిజాయితీ గల హామీ ఇట్లా ఉంటుంది: "మొదటి గ్రామసభలో సెక్షన్ 3(2) కింద తీర్మానం పెడతాను, రోడ్డు అయ్యాక ట్రిప్పు కోసం లెక్కలతో డిపోకు వెళ్తాను." వినడానికి చప్పగా ఉన్నా, అది జరిగిందో లేదో మీరు తేల్చుకోవచ్చు.

మనం ఊహించుకున్న కిరాణా కుటుంబాన్ని మళ్లీ చూడండి. వారి ఇల్లు గృహ నిర్మాణ శాఖ లెక్కలో ఉంది, దుకాణం కరెంటు పంపిణీ సంస్థ లెక్కలో ఉంది, వారి ఖాతాదారులు వచ్చే బస్సు ఆర్టీసీ లెక్కలో ఉంది. ఆ కుటుంబం మొత్తంగా కనిపించే చోటు గ్రామసభ ఒక్కటే. మూడు శాఖలూ విడివిడిగా రాసుకున్నదాన్ని ఒకచోట పెట్టి చూడగలగడమే స్థానిక ప్రభుత్వానికి ఉన్న అసలు బలం. అధికారం తక్కువైనా ఈ చూపు దానికి మాత్రమే సాధ్యం.

7.7 సారాంశం

గృహ నిర్మాణం, రాకపోకలు, ఇంధనం 11వ షెడ్యూలులో ఉన్నా, వాటిపై పంచాయతీ అధికారం పరిమితం. మిశ్రమ వినియోగం మన బజార్ల సహజ రూపమే అయినా, పథకాలు ఇంటినీ దుకాణాన్నీ విడదీస్తాయి. ఉచిత ప్రయాణపు ఫలం బస్సు వచ్చే ఊరికే అందుతుంది. ఉచిత విద్యుత్తు, సౌర రాయితీ కలిసినప్పుడు లాభం ఎవరికో లెక్క వేయాలి. అధికారం, డబ్బు, అడ్డంకి అనే మూడు ప్రశ్నలు ఏ హామీకైనా వర్తిస్తాయి. వచ్చే గ్రామసభకు మీరు వెళ్లి, వీటిలో ఒక్క ప్రశ్న అడిగినా ఈ పాఠం ఉద్దేశం నెరవేరినట్టే.

7.8 కీలక పదాలు

మిశ్రమ వినియోగం: నివాసం, వ్యాపారం, చేతిపని ఒకే భవనంలో లేదా వీధిలో కలిసి ఉండటం.
నెట్ మీటరు: వాడిన కరెంటునూ, తిరిగి పంపిన కరెంటునూ లెక్కించే మీటరు.
షెడ్యూల్డు ప్రాంతం: రాజ్యాంగం 5వ షెడ్యూలు కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బోథ్ వంటి మండల కేంద్రంలో ఇల్లు, రవాణా, ఇంధనం మధ్య ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. స్థానిక హామీలను పరీక్షించే పద్ధతిని మీ ఊరి ఉదాహరణతో చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) ప్రాముఖ్యం ఏమిటి?
2. మహాలక్ష్మి పథకం ఫలితం అన్ని ఊళ్లకూ సమానంగా అందుతుందా? కారణాలు రాయండి.