చంద్రగిరిని గూర్చిన అపోహలు

తిరుపతికి పడమరగా ఏడెనిమిది మైళ్ళ దూరమున, పల్లెపట్టున, కొండపాదము నానుకొని నిలిచిన చంద్రగిరికోటను చూడవచ్చినవారు పెక్కురు, రాజమహలు నీడను నిలిచి, ఇది కృష్ణదేవరాయలు కట్టించిన కోటయని బిడ్డలకు చెప్పుచుందురు. రాయలవారియెడ మనకు గల భక్తి మెచ్చదగినదే. అయినను ఇతరుల కీర్తినిగూడ ఆయనకే కట్టబెట్టుట న్యాయము గాదు. రాయలు పుట్టుటకు మున్నే యిది దుర్గమై యుండెను; సాళువ నరసింహుడు ఇచటనే బలపడి 1485లో విజయనగర సింహాసనము నధిష్ఠించెను. రాయలు తన సవతితమ్ముడగు అచ్యుతరాయలను నిర్బంధించి యుంచినదియు ఈ కోటలోనే.

1565 నాటి తళ్ళికోట యుద్ధముతో సామ్రాజ్యమే సమసిపోయెనను మాట యింకొకటి. హంపి పాడయ్యెను గాని రాజ్యము పెనుగొండకు తరలెను. 1586 మొదలు 1614 వఱకు ఏలిన వేంకటపతిరాయలు చంద్రగిరిని రాజధానిగా జేసికొని, చెదరిన నాయకుల నొక్కత్రాటిపై నిలుప యత్నించెను, క్రైస్తవమతగురువులగు జెస్యూట్లకును తన కొలువున ఆదరము చూపెను. ఈ మహారాజు పేరు మన పిల్లల నోట వినబడకపోవుట నాకు మిక్కిలి బాధాకరము.

ఈ వంశపు రాజులను గూర్చి మఱియొక అపోహ గలదు: ఆంగ్లేయ ఈస్టిండియా కంపెనీకి చెన్నపట్టణపు దానపత్రమును 1639లో శ్రీరంగరాయలిచ్చెనని కొందరందురు. ఆ యేట కంపెనీ ఉద్యోగియగు ఫ్రాన్సిస్ డే అనుమతి పొందినది ఆ ప్రాంతపు పాలకుడగు దామెర్ల వేంకటాద్రినాయకునివలన. నాటి చక్రవర్తి పెదవేంకటరాయలు. 1642లో గద్దెనెక్కిన శ్రీరంగరాయలు దానిని 1645లో స్థిరపఱచెను, అంతే.

మరల కోటకు వత్తము. అందలి రాణిమహలును పేరునుబట్టి అంతఃపురమని తలంతురు గాని, క్రింది యంతస్తు తీరు అశ్వశాలను పోలియుండుటచే అది సేనానివాసమై యుండునని పండితులూహించిరి.

ఇక రాజమహలు కమానులను చూచి నవాబుల కట్టడమని భ్రమించువారు హంపిలోని కమలమహలును తలంపవలెను. విజయనగర శిల్పులు తురుష్కరీతి కమానును తమదిగా జేసికొని, దానిపై దేవాలయ శిఖరముల నిలిపినవారు. దగ్గరకేగి పైకి చూడుడు: మూడంతస్తులలో నెచటను కొయ్యదూలము లేదు, రాయి, ఇటుక, సున్నములే, కమానుపై కమానుగా బరువును స్తంభములకు దింపుచు, ఆ కప్పులను నేటికిని మోయుచున్నవి.