ఊరు మారిన ఉయ్యాల

పెళ్లయిన మొదటి అయిదారేళ్లలోనే బిడ్డలు పుడతారు, ఆ అయిదారేళ్లలోనే ఊళ్లూ మారతాయి. మగవాడు కొత్త ఉద్యోగమో, ఎక్కువ కూలి దొరికే చోటో వెతుక్కునేది ఆ వయసులోనే. ఆడపిల్ల పుట్టింటి నుంచి అత్తింటికి, అక్కణ్నుంచి భర్త పనిచేసే ఊరికి, పురిటికి మళ్లీ పుట్టింటికి, మూడో నెలో అయిదో నెలో వచ్చాక బిడ్డనెత్తుకుని తిరిగి అద్దె ఇంటికి చేరేదీ అప్పుడే. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 45 కోట్ల మందికి పైగా తాము మునుపున్న చోటు వదిలి మరో చోట ఉంటున్నారు. వాళ్లలో ఎక్కువమంది స్త్రీలు, వాళ్లు చెప్పిన కారణాల్లో మొదటిది పెళ్లి. ఇంతమంది కదులుతున్న దేశంలో బాలింతకూ పసిబిడ్డకూ ఉన్న ఆసరాలన్నీ, అమ్మమ్మ చేతి నలుగు మొదలుకొని అంగన్‌వాడీ గుడ్డు దాకా, కుటుంబం ఉన్నచోటే ఉంటుందన్న లెక్కతో ఏర్పడినవే. అందుకే ఊరు మారగానే అవన్నీ ఒక్కసారిగా తెగిపోతాయి. ఆ తర్వాత వచ్చిపడే జబ్బునూ అప్పునూ ఒంటరితనాన్నీ మనం అనుకోని కష్టాలంటాం. వాటిలో చాలావరకు నెలతో సహా ముందే చెప్పగలిగినవి. చెప్పగలిగినప్పుడు తప్పించడం కూడా మన చేతిలోని పనేనని ఈ వ్యాసం వాదన.

కర్నూలు జిల్లా పడమటి మండలాలు కోసిగి, మంత్రాలయం, కౌతాళం వైపు చూడండి. వానాకాలపు పంట చేతికొచ్చాక, వాన మొహం చాటేసిన ఏడాది అయితే ఇంకా ముందే, కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి, అంటే కోతల వలసకు, బయల్దేరతాయి. ముందు పత్తి తీతకు, తర్వాత గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు మిరప కోతలకు. కోసినదాన్ని బట్టి కూలి వచ్చే చోట ఇంట్లో ఎన్ని చేతులుంటే అంత రాబడి, కాబట్టి బాలింతైనా ఇంటి దగ్గర ఆగిపోవడం కుదరదు. పాలమూరు నుంచి ముంబయి, పుణె, హైదరాబాద్‌ కట్టుబడి పనులకు వెళ్లేవాళ్లదీ అదే పరిస్థితి. ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకు వచ్చేవాళ్లది మరింత ఇరుకు. ముందే అడ్వాన్సు తీసుకుని చలికాలం మొదట్లో వస్తారు, తొలకరి పడేదాకా కదలడానికి వీలుండదు. బట్టీలో కుటుంబాన్నంతా ఒక జట్టుగా లెక్కగట్టి డబ్బు మగవాడి చేతికిస్తారు, తల్లి చేసిన పని విడిగా ఎక్కడా నమోదు కాదు. బడి ఈడు పిల్లల సంగతి ప్రభుత్వాలు కొంత ఆలోచించాయి. వలస ఊళ్లలో సీజనల్ హాస్టళ్లు నడిపాయి, తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియాలో చదువు చెప్పే బడులు పెట్టాయి. మంచి పనులే. కానీ నాలుగు నెలల బిడ్డను హాస్టల్లో వదిలి వెళ్లలేరు. ఆ బిడ్డ తల్లి చంకనెక్కి చేను గట్టుకు చేరుతుంది, ఏ రిజిస్టరులోనూ చేరదు.

కోసిగి ప్రాంతంలో సెప్టెంబరు చివర ఒక బిడ్డ పుట్టిందనుకుందాం. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి ఆసుపత్రిలోనే పడతాయి. ఆరో వారం టీకాలు నవంబరు నడుమకు, పదో వారానివి డిసెంబరుకు, పద్నాలుగో వారానివి జనవరి మొదటికి వస్తాయి. మూడూ సుగ్గి కాలంలోనే. ఆరు నెలలు నిండి తల్లిపాలతో పాటు మెత్తటి అన్నం మొదలుపెట్టాల్సింది మార్చి చివర, ఎండ ముదిరి మిరప ఘాటు గాలిలో నిండే రోజుల్లో. బిడ్డ ఎదుగుదలకు ఇంతకంటే కీలకమైన ఆరు నెలలు మరి లేవు. సరిగ్గా ఆ ఆరు నెలలే ఆ బిడ్డ గుడారంలో ఉంటుంది. ఊళ్లో ఉండి ఉంటే తల్లికి అంగన్‌వాడీ ఆహారం, గుడ్డు, పాలు అందేవి. ఏడో నెల నుంచి బిడ్డకు బాలామృతం వచ్చేది. నెలనెలా తూకం వేసి బరువు తగ్గితే ఎవరో ఒకరు గుర్తించేవారు. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం ఈ దేశం బిడ్డల కోసం చేసిన గొప్ప పనుల్లో ఒకటని నేను నిండు మనసుతో నమ్ముతాను. ఆ పథకం ఊళ్లో ఉన్నవాళ్ల ఇంటి గడప దాకా వస్తుంది, పొలిమేర దాటి వెళ్లిన బిడ్డ వెంట మాత్రం రాదు.

డబ్బు సాయానికీ ఇదే చిక్కు. 2013 నాటి ఆహార భద్రతా చట్టం గర్భిణికి, బాలింతకు 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలంది. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృవందన యోజన తొలి కాన్పుకు 5,000 ఇస్తోంది, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. తొలి కాన్పు సొమ్ములో రెండో విడత అందాలంటే బిడ్డ పుట్టుక నమోదు కావాలి, మొదటి వరస టీకాలు పూర్తవ్వాలి. షరతు పెట్టిన ఉద్దేశం మంచిదే. కానీ టీకా తప్పింది పని కోసం ఊరు వదిలినందువల్ల అయినప్పుడు, డబ్బు అందరికంటే ఎక్కువ అవసరమైన తల్లికే ఆ షరతు అడ్డమొస్తుంది. నిజానికి ఆ 5,000 సమయానికి చేతికొచ్చినా బాలింత ఎన్నాళ్లు పని మానుకోగలదు? రోజుకు 400 కూలి అనుకుంటే పన్నెండు రోజులు. చట్టం వచ్చి పదేళ్లు దాటినా, కూలి రేట్లు, సరుకుల ధరలు ఎంత పెరిగినా, అందులో రాసిన అంకె కదల్లేదు.

సాంకేతికత ఈ సమస్యను ఇప్పటికే తీర్చిందిగా అని కొందరంటారు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2019లో మొదట ప్రయత్నించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. 2022 నాటికి అది దేశమంతా వచ్చింది. ఎక్కడున్నా బియ్యం తీసుకోవచ్చు, కొంత ఇక్కడ, కొంత సొంతూళ్లో తీసుకునే వీలూ ఉంది. ఇది చిన్న విజయం కాదు. అంగన్‌వాడీ లెక్కలు చూసే పోషణ్ ట్రాకర్‌లోనూ పేరు ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి మార్చే ఏర్పాటు పెట్టారు. అయితే చంటిబిడ్డ కడుపు బియ్యంతో నిండదు. గుడ్డూ పాలూ బాలామృతమూ కావాలి, అవి రేషన్ దుకాణంలో దొరకవు. పేరు మార్చడం యాప్‌లో ఒక నొక్కుడే కావచ్చు. కానీ కొత్త ఊళ్లో కేంద్రానికి సరుకు నమోదైన పేర్ల లెక్కకే వస్తుంది, కూలీల గుడారాలేమో ఊరికి దూరంగా చేల మధ్య ఉంటాయి. పొద్దున ఆరింటికి కోతకు దిగే తల్లి పొద్దెక్కాక తెరిచే కేంద్రానికి రెండు మూడు కిలోమీటర్లు నడిచి వెళ్లి రాలేదు. పేరు మాత్రం బదిలీ అయ్యి తిండి బదిలీ కాకపోతే బిడ్డకు ఒరిగేదేమీ లేదు.

ఇది కూలీల గోడు మాత్రమే అనుకుంటే పొరపాటు. చదువుకుని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసే జంటకు తిండికి లోటుండదు, మనుషులకు లోటుంటుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్న మన ఆచారం వెనుక పెద్ద వివేకం ఉంది. బాలింతకు విశ్రాంతి, వేళకు పత్యం, బిడ్డకు స్నానం చేయించే అనుభవమున్న చేతులు, రాత్రి ఏడిస్తే ఎత్తుకునే ఇంకొకరు అక్కడ దొరుకుతారు. పాలు పడకపోయినా, రొమ్ము గట్టిపడినా ఏం చెయ్యాలో చెప్పేవాళ్లుంటారు. ఈ ఏర్పాటు కొన్ని నెలలతో ముగుస్తుంది. ఆ తర్వాత ఆమె చేరేది లిఫ్టు తలుపులు తప్ప పొరుగువారి తలుపులు తెరుచుకోని అపార్ట్‌మెంటుకు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లని తేలింది. అంటే మన కొత్త తల్లుల్లో చాలామంది పొట్ట మీద కోత మానుతుండగానే బిడ్డను మోస్తున్నారు. బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి కుంగుబాటు ఉండొచ్చని భారతదేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో లెక్కగట్టింది. ఇంటి పని సంగతికొస్తే, 2024 సమయ వినియోగ సర్వేలో ఆ పనులు చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు వెచ్చించారు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి బిడ్డ పుడితే తండ్రిగా పదిహేను రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి అలాంటి హక్కు ఏ చట్టమూ ఇవ్వలేదు, కంపెనీ దయే. అమెరికాలోని తెలుగు జంటలు ఒక అమ్మను కాన్పుకు ముందు, ఇంకో అమ్మను తర్వాత పిలిపించుకోవడం మనకు తెలిసిందే. సాధారణంగా ఆరు నెలలకు మించని సందర్శక వీసాల మధ్య పుట్టింటిని ముక్కలుగా తెచ్చుకునే ప్రయత్నమది. ఉద్యోగం పోతే హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు మిగిలే గడువు మామూలుగా అరవై రోజులు. ఆ లెక్కలో ఉయ్యాల్లోని బిడ్డ కూడా ఉంటుంది.

పూర్వం ఈ సౌకర్యాలేమీ లేవు, పొలంలో కని మర్నాడు పనిలోకి దిగినవాళ్లున్నారు, పిల్లలు పెరగలేదా అన్నది మన ఇళ్లలో తరచూ వినిపించే మాట. పెరిగినవాళ్లు కనిపిస్తారు కాబట్టి ఆ మాట నిజమనిపిస్తుంది. 1971లో ఈ దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. ఇప్పుడా సంఖ్య పాతిక దరిదాపులకు దిగింది. టీకాలు, ఆసుపత్రి కాన్పులు, మంచినీళ్లు, అంగన్‌వాడీలు, ఆశా కార్యకర్తలు లేకుండా ఆ ప్రాణాలు నిలిచేవి కావు. ఉమ్మడి కుటుంబాలకు తిరిగి వెళ్లడమే మందు అనేవాళ్ల మాటలో ప్రేమ ఉందని ఒప్పుకుంటాను. కానీ కూలి ఇంట్లో అమ్మమ్మ కూడా కూలికే పోతుంది, ఉద్యోగుల ఇంట్లో ఆమె తన భర్త జబ్బును చూసుకుంటూ ఉంటుంది. పైగా ఉమ్మడి ఇంట్లో ఆ సేవంతా ఏ జీతమూ లేకుండా చిన్న కోడలి మీదే పడేదన్నది మరవకూడదు. బామ్మలు, అమ్మమ్మలు చెయ్యగలిగినంత చేస్తారు, చేస్తున్నారు. ఒక దేశపు శిశు విధానాన్నంతా వాళ్ల మోకాళ్ల మీద నిలబెట్టడం అన్యాయం.

యజమానుల వైపు నుంచి వచ్చే అభ్యంతరం మరింత గట్టిది. 2017 సవరణతో ప్రసూతి సెలవు పన్నెండు వారాల నుంచి ఇరవయ్యారు వారాలకు పెరిగింది, యాభై మంది, అంతకు మించి ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం తప్పనిసరైంది. ఈ ఖర్చంతా ఒక్క యజమాని మీద వేస్తే ఆడవాళ్లను పనిలోకి తీసుకోవడానికే వెనకాడతారని వాళ్లంటారు. ఇందులో నిజముంది. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రసూతి ఒప్పందం ఆ భారాన్ని విడి యజమాని నెత్తిన పెట్టకుండా సామాజిక బీమా మీద పెట్టమంటుంది. మన దగ్గర దానికి నమూనా ఉంది. ఈఎస్ఐలో యజమాని జీతంలో 3.25 శాతం, ఉద్యోగి 0.75 శాతం కడతారు, కార్మికురాలికి ప్రసూతి వేతనం ఆ నిధి నుంచి వస్తుంది, ఆమెను తీసుకున్నందుకు ఏ ఒక్క సంస్థా నష్టపోదు. దాని పరిమితి నెలకు 21,000 జీతం దగ్గర ఆగిపోయింది. ఇక ప్రసూతి చట్టం వర్తించే చోట, కాన్పు తేదీకి ముందు పన్నెండు నెలల్లో ఆ యజమాని దగ్గర 80 రోజులైనా పనిచేసి ఉండాలి. భర్తకు బదిలీ అయ్యి, కడుపుతో కొత్త ఊరికి వచ్చి, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయికి ఈ షరతే గండం. హక్కు ఉద్యోగానికి కాకుండా బీమా ఖాతాకు అంటి ఉంటే ఆ గండం ఉండదు. తండ్రుల సెలవునూ ఆ నిధిలోంచే ఇవ్వచ్చు, ఇవ్వాలి. బిడ్డ పెంపకంలో తండ్రి చేరేది కాన్పయిన తొలి వారాల్లోనే.

పని చోటనే బిడ్డను చూసుకునే ఆలోచన మనకు కొత్తకాదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి నిర్మాణాలు జరుగుతున్న చోట కూలీల పిల్లలు మట్టిలో పడి ఉండటం చూసి మీరా మహదేవన్ ఒక గుడారంలో శిశు కేంద్రం మొదలుపెట్టారు. అదే మొబైల్ క్రెషెస్ సంస్థ అయింది. పని ఎక్కడికి మారితే కేంద్రం అక్కడికి మారుతుందన్న సూత్రం ఆ పేరులోనే ఉంది. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం యాభై మందికి మించి ఆడ కూలీలున్న చోట శిశు కేంద్రం ఉండాలంది. కాంట్రాక్టర్లుగా, ఉప కాంట్రాక్టర్లుగా విడగొట్టాక ఏ ఒక్కరి లెక్కలోనూ యాభై మంది తేలరు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం ఇంకా తెలివైన దారి చూపింది. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురుంటే కూలీల్లోనే ఒకామెను వాళ్లను చూసుకోవడానికి పెట్టి ఆమెకూ కూలి ఇవ్వమంది. లెక్క పిల్లల తలలది, యజమాని పుస్తకాలది కాదు.

ఆ సూత్రాన్ని మిరప చేలకు తీసుకెళ్లడానికి కొత్త చట్టం అక్కర్లేదు. కోసిగిలో ఏ ఇంట్లో చంటిబిడ్డ ఉందో ఆశా కార్యకర్తకు తెలుసు. ఎవరు ఏ ఊరి చేలకు పోతున్నారో మేస్త్రీకి తెలుసు. ఈ రెండు జాబితాలనూ అక్టోబరులోనే కలిపి గుంటూరు, పల్నాడు స్త్రీ శిశు సంక్షేమ అధికారులకు పంపితే, ఏ మండలంలో ఎన్ని గుడ్లు, ఎన్ని టీకా డోసులు కావాలో జనవరికి ముందే తేలుతుంది. గుడారాల దగ్గర నాలుగు నెలలకు ఒక రేకుల షెడ్డు, నీళ్లు, నీడ, కూలికి వచ్చినవాళ్లలోంచే కోత కూలికి తగ్గని జీతంతో ఇద్దరు ఆడవాళ్లు, వారానికోసారి ఏఎన్ఎం. తెరవాల్సింది పొద్దెక్కాక కాదు, కోత మొదలయ్యే ఆరింటికి.