కాలికింద రాయి, నెత్తిమీద రాయి

ఇల్లు కట్టేటప్పుడు అందరూ గోడలకేసే చూస్తారు. కాని మనం రోజంతా నడిచేది నేలమీద. ఎండకూ, వానకూ మనల్ని కాచేది పైకప్పు. ఈ రెంటికీ చిత్రమైన చుట్టరికం ఒకటి వున్నది. అదేమిటో చూద్దాం.

మొదట నేల. మట్టి యిళ్ళలో నేలను దిమ్మిసతో కొట్టి, పేడతో అలుకుతారు. అంతకంటె గట్టినేల కావలసినవారు నాపరాళ్ళు పరుస్తారు. తాండూరు, బేతంచెర్ల, కడప ప్రాంతాలలో ఈ రాయి పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా దొరుకుతుంది. ఎందుచేత? కోట్లకొలది సంవత్సరాల క్రిందట అక్కడ సముద్రం వుండేది. నీటిలోని సున్నపు పదార్థం అడుక్కు దిగి, పొరమీద పొరగా పేరుకుని రాయి అయింది. అందుకే పనివాడు ఉలి పెట్టి కొడితే పలకగా లేచి వస్తుంది.

రాళ్ళు పరిచేముందు మేస్త్రీ ఒక సన్నని గొట్టంలో నీళ్ళు నింపి, దాని కొసలను గదికి రెండు మూలలా పట్టిస్తాడు. గది ఎంత పెద్దదైనా రెండు కొసలలోనూ నీరు ఒకే ఎత్తున నిలుస్తుంది. ఆ ఎత్తున గోడలమీద గుర్తులు పెట్టుకుని, వాటినిబట్టి నేలను మట్టం చేస్తాడు. స్నానాలగదిలో మాత్రం నీరు పోయే తూమువైపుకు కొద్దిగా వాలు వుండాలి. 100 అంగుళాలకు 1 అంగుళం చాలు. వాలు తప్పితే నీరు నిలిచి, పాకుడుపట్టి, ఇంట్లో ముసలివాళ్ళు జారిపడతారు. పరిచిన రాతిని కర్రతో తట్టి చూస్తారు. బోలుగా మోగితే అడుగున ఖాళీ వున్నదన్నమాట. లేపి మళ్ళీ పరవవలసిందే.

ఇక పైకప్పు. వెనుకటి మిద్దెలలో మద్రాసు టెర్రసు అనే పద్ధతి వుండేది. టేకు దూలాలమీద సన్నని ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో అతికేవారు. పైన ఇటుకముక్కలూ, సున్నమూ కలిపి పరిచేవారు. ఆడకూలీలు వరుసగా కూర్చుని, బెల్లమూ కరక్కాయా నానిన నీళ్ళు చల్లుతూ, చెక్కలతో రోజుల తరబడి కొట్టేవారు.

ఆ సున్నం ఎక్కడిది? సున్నపురాయిని బట్టీలో కాల్చితే దానిలోని బొగ్గుపులుసు వాయువు పోయి సున్నం మిగులుతుంది. నీటితో కలిపి కప్పుకు వేసినప్పుడు, గాలిలోనుంచి ఆ వాయువునే మెల్లగా తిరిగి పీల్చుకుని, మళ్ళీ రాయి అవుతుంది! కాలికింద నాపరాయీ, నెత్తిమీద సున్నమూ ఒకే ఇంటి బిడ్డలన్నమాట.

ఇప్పటి కప్పులు సిమెంటు కాంక్రీటువి. సిమెంటు కూడా సున్నపురాయినీ, బంకమన్నునూ కాల్చి చేసిందే. కాంక్రీటు ఎంత నొక్కినా ఓర్చుకుంటుంది. లాగితే మాత్రం పగులుతుంది. ఒక రబ్బరుముక్కను రెండు పుస్తకాలమధ్య వంతెనలాగా పెట్టి, నడుమ నొక్కండి. దాని అడుగుభాగం సాగుతుంది. గదిమీది కప్పు కూడా అలాగే వంగజూస్తుంది. అందుకే అడుగువైపున ఇనుపకమ్ములు పెడతారు.

సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడుతుంది. కనుక కప్పు వేసిన తరువాత కనీసం 7 రోజులు తడి ఆరనివ్వకూడదు. కింద నిలిపిన గుంజలను పెద్ద గదులకు రెండు వారాలవరకూ కదిలించకూడదు. తొందరపడి తీసినందువల్ల కప్పులు కూలి, మనుషులు చనిపోయిన సంగతులు వున్నవి. గృహప్రవేశ ముహూర్తం దగ్గరపడిందని మేస్త్రీని తొందరపెట్టేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి. ముహూర్తం మళ్ళీ వస్తుంది, ప్రాణం రాదు.

పిల్లలూ, ఒక చిన్న పరీక్ష చేయండి. విరిగిన కడపరాతి ముక్కమీద నిమ్మరసం చుక్క వేసి, కొంతసేపయ్యాక తుడిచి చూడండి. తెల్లని మచ్చ కనిపిస్తుంది. పులుపు సున్నపురాయిని తినేస్తుందని తెలుస్తుంది. వంటయింటి గట్టుమీద మాత్రం ఈ పరీక్ష చేయకండి. ఆ మచ్చ పోదు, అమ్మ వూరుకోదు!