పాలసీ కోసం షుగరు దాచొద్దు!

టీవీలో జీవిత బీమా ప్రకటన వస్తుంటే తల్లిదండ్రుల గొంతు పూడుకుపోతుంది. బడికి బయల్దేరే పాప, వెనక సన్నటి సంగీతం, 'నేను లేకపోతే వీళ్లేమవుతారు?' అనే ప్రశ్న. పటాన్‌చెరు చుట్టుపక్కల కార్మిక కుటుంబాలకు ఈ భయం కల్పితం కాదు. 2025 జూన్‌ 30న పాశమైలారంలోని సిగాచి పరిశ్రమలో పేలుడు 40 మందికి పైగా ప్రాణాలు తీసింది.

కాబట్టి బీమా అవసరమే. కానీ భయంతో సంతకం చేసేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతుంటాయి.

బీమా ఎవరికి?

ప్రకటనలో కనిపించేది పిల్లలు. రక్షణ ఉండాల్సింది మాత్రం సంపాదించే అమ్మానాన్నలకు. పొదుపు, బీమా కలిపిన పాలసీల్లో ప్రీమియం ఎక్కువ, రక్షణ తక్కువ. టర్మ్‌ పాలసీలో తక్కువ ప్రీమియానికే పెద్ద మొత్తం రక్షణ దొరుకుతుంది. గడువు దాకా బతికుంటే సాధారణంగా డబ్బు తిరిగి రాదు.

దాచితే రెండు నష్టాలు

'షుగరుందని చీటీ మీద రాయకండి సార్‌, పాలసీ తీసుకుంటున్నా' అని ఓపీలో అడిగేవారున్నారు. పాలసీ వచ్చేదాకా పరీక్షలే వద్దనేవారూ ఉన్నారు. దరఖాస్తులో బీపీ, షుగరు, పొగాకు, మద్యం గురించి అడుగుతారు. ఏజెంటు అన్నిటికీ 'లేదు' అని రాసినా, కింద సంతకం మీదే. బీమా చట్టం 45వ సెక్షన్‌ ప్రకారం, ముఖ్యమైన విషయం దాచారని మూడేళ్లలోపు తేలితే కంపెనీ పాలసీని రద్దు చేయొచ్చు. నిజం చెబితే ప్రీమియం కొంత పెరగొచ్చు, కానీ రేపు మీ ఇంట్లోవాళ్లు కంపెనీ చుట్టూ తిరగాల్సిన పని తగ్గుతుంది.

రెండో నష్టం ఇంకా పెద్దది. 140/90 దాటిన బీపీ తరచూ ఏ బాధా పెట్టదు. వైద్యం లేకుండా ఏళ్లు గడిస్తే గుండెపోటు, పక్షవాతం, కిడ్నీ జబ్బు వచ్చే ముప్పు పెరుగుతుంది. నైట్‌ షిఫ్టులు చేసేవారిలో బీపీ, షుగరు ముప్పు ఎక్కువ. 30 ఏళ్లు దాటినవారు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా పరీక్ష చేయించుకోవచ్చు.

ముందు ఇవి చూసుకోండి

* ఈఎస్‌ఐలో ఉన్న కార్మికుడు పని ప్రమాదంలో మరణిస్తే, అతనిపై ఆధారపడినవారికి వేతనంలో సుమారు 90 శాతం నెలనెలా అందుతుంది. కాంట్రాక్టు కార్మికులు తమ పేరు నమోదైందో లేదో అడిగి తెలుసుకోవాలి.
* పీఎఫ్‌ సభ్యుడు ఉద్యోగంలో ఉండగా మరణిస్తే ఈడీఎల్‌ఐ కింద కుటుంబానికి రూ.7 లక్షల వరకు వస్తుంది.
* ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి బీమాకు ఏడాదికి రూ.436, సురక్షా బీమాకు రూ.20. మొదటిది ఏ కారణంతో మరణించినా, రెండోది ప్రమాదంలో మరణిస్తే రూ.2 లక్షలు ఇస్తుంది.
* పాలసీ చేతికొచ్చాక నచ్చకపోతే 30 రోజుల్లో వెనక్కి ఇవ్వొచ్చు.

నామినీ ఎవరో, బాండు ఏ బీరువాలో ఉందో ఇంట్లో చెప్పి ఉంచండి. అదే బీరువాలో మీ బీపీ, షుగరు రిపోర్టులూ ఉండాలి.

- వ్యాసకర్త ఎం.బి.బి.ఎస్‌., ఎం.డి., ప్రభుత్వ వైద్యుడు, సంగారెడ్డి